రెండు రకాల కోతలు

మొన్నామధ్య దేవనకొండలో చుట్టాల పెళ్లికి వెళ్లాను. తాళి కట్టి అరగంట కాలేదు, మొదటి పంక్తి ఇంకా లేవనే లేదు, ఓ కుర్రాడు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఈ పత్రిక చదువుతాడట. అందులో ఈ శీర్షిక మొదట చదువుతాడట! (అలా అన్నవాళ్లమీద నాకు వెంటనే అభిమానం పుట్టుకొస్తుంది. ఏం చేస్తాం, బలహీనత.) "అన్నా, నా ప్రొఫైలు ఒకసారి చూసి చెప్పన్నా, కంపెనీవాళ్లు అది గూడా చూస్తారంట" అంటూ ఫోను నా చేతిలో పెట్టాడు.

లింక్డిన్ అని ఒకటుంది కదా, ఉద్యోగాల సంత. 2003లో మొదలైంది. ఇప్పుడు డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాడికీ అందులో ఓ దుకాణం ఉండాల్సిందే. మావాడి దుకాణం బోర్డు ఇలా ఉంది... "ఫౌండర్. విజనరీ. డేటా ఎవాంజలిస్ట్. లీడర్‌షిప్ కోచ్. చేంజ్‌మేకర్. ఫ్యూచర్ సీఈవో." వయసు చూస్తే ఇరవై మూడు. మీసం ఇంకా మొహమాటంగానే ఉంది.

"బిరుదులు బ్రహ్మాండంగా ఉన్నాయి నాయనా, ఇంతకీ వేషమేమిటి?" అన్నాను.

"వేషమా?"

"అదే, ఇప్పుడేం చేస్తున్నావూ అని."

"ఖాళీగా ఉండాన్నా."

నవ్వొచ్చింది. కానీ వాణ్ణి చూసి నవ్వే హక్కు సినిమావాళ్లకు, సినిమా పత్రికలవాళ్లకు ఉందంటారా? బిరుదు లేనివాణ్ణి మన చిత్రసీమ హీరోగా లెక్కపెట్టడమే తక్కువ. రామారావుగారు నటరత్న, నాగేశ్వరరావుగారు నటసమ్రాట్, కృష్ణగారు నటశేఖర, శోభన్‌బాబు నటభూషణ, ఎస్.వి. రంగారావుగారైతే ఏకంగా విశ్వనట చక్రవర్తి. చిరంజీవి కొన్నాళ్లు సుప్రీం హీరోగా ఉండి, 1988లో వచ్చిన 'మరణ మృదంగం'తో మెగాస్టార్ అయ్యారు. ఇవాళ మొదటి సినిమా విడుదల కాకముందే పేరుకు ముందో స్టారు తగిలించుకుని దిగుతున్న కుర్రహీరోలను మీరూ చూస్తున్నారు. థియేటర్లో ఆ అక్షరాలు తిరుగుతూ, మెరుస్తూ వస్తుంటే ఈలలు వేసి పెరిగిన పిల్లాడు తన పేరుకు ముందు నాలుగు మెరుపులు పెట్టుకుంటే ఆశ్చర్యమేముంది?

అయితే ఒక తేడా ఉంది. చిరంజీవికి మెగాస్టార్ అని పెట్టింది నిర్మాత కె.ఎస్. రామారావు. తనకు తాను పెట్టుకున్నది కాదు. పైగా అప్పటికి ఆయన పదేళ్లుగా తెరమీద ఒళ్లు హూనం చేసుకుంటున్నాడు. రంగారావుగారి సంగతి సరేసరి. 'నర్తనశాల'లో కీచకుడి వేషానికి 1964లో జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి పట్టుకొచ్చిన మనిషి! 'విశ్వ' అన్న మాటకు అక్కడ రసీదు ఉంది. రామారావుగారు సబ్-రిజిస్ట్రారు ఉద్యోగం వదులుకుని వచ్చి 1949లో 'మనదేశం'లో కట్టింది చిన్న పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం. రత్నాలూ మాణిక్యాలూ ఆ తర్వాత వచ్చి చేరాయి. వేషం ముందు, బిరుదు తర్వాత. అదీ వరస.

నాగేశ్వరరావుగారి విషయం ఇంకా చిత్రం. ఆయన బయోడేటా రాస్తే 'చదువు' అన్న గడి దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని ఆయన ఏ సభలోనూ దాచుకోలేదు, తనకు పెద్ద చదువు లేదని తానే చెప్పుకునేవారు. గుడివాడ కాలేజీకి విరాళమిచ్చారు. ఆ కాలేజీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

బిరుదుల మోజు కోర్టు దాకా పోయిన కథ కూడా మనదే. మన రాజ్యాంగం 18వ అధికరణంతో బిరుదులను రద్దు చేసింది. మరి పద్మశ్రీలు, పద్మభూషణ్‌ల మాటేమిటని ఎవరో అడిగితే, 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది: అవి గౌరవాలు, బిరుదులు కావు, పేరుకు ముందుగానీ వెనకగానీ తగిలించుకోకూడదు అని. అయినా 2012లో వచ్చిన 'దేనికైనా రెడీ' టైటిల్స్‌లో మోహన్‌బాబు, బ్రహ్మానందంల పేర్ల ముందు పద్మశ్రీ పడింది. ఒకాయన హైకోర్టుకెక్కారు. 2013 చివర్లో హైకోర్టు పురస్కారాలు వెనక్కివ్వమన్నంత దూరం వెళ్లింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు స్టే ఇవ్వడంతో గండం గడిచింది. నిజంగా వచ్చిన పద్మశ్రీనే పేరుకు ముందు రాసుకోకూడదంటే, ఎవరూ ఇవ్వని 'విజనరీ' మాటేమిటి?

ఎమ్మిగనూరు వెళ్లి అడగండి. 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టిన మాచాని సోమప్పగారిని ఊరు ఊరంతా 'పద్మశ్రీ మాచాని సోమప్ప' అనే పిలుచుకుంటుంది. అది ఊరి ముద్దు. ఊరి నోటికి ఏ చట్టమూ తాళం వెయ్యదు. మనం పెట్టుకుంటే డబ్బా, జనం పెడితే బిరుదు. అంతే!

"ఇప్పుడు వందరోజుల సంగతికి వద్దాం" అన్నాను కుర్రాడితో. వాడి కళ్లు మెరిశాయి. పడమటి కర్నూలులో ఈ మాట ఎత్తితే ముసలాళ్లు కూడా లేచి కూర్చుంటారు. 2014లో వచ్చిన 'లెజెండ్' ఎమ్మిగనూరులో నాలుగు వందల రోజులు ఆడింది. 'మగధీర' కర్నూలులో వెయ్యి రోజులు దాటింది. "మా జిల్లా రికార్డులు అన్నా" అని వాడు ఛాతీ విరుచుకున్నాడు.

సరే గానీ, పోస్టరు చదవడం తెలిసిన ప్రేక్షకుడు ఏం చేస్తాడు? వంద అంకె చూసి ఊరుకోడు. డైరెక్టా, షిఫ్టింగా? రోజుకు నాలుగాటలా, ఒక్క ఆటా? అని అడుగుతాడు. అబద్ధాలకు పెట్టింది పేరైన మన సినిమా పబ్లిసిటీలో కూడా, పేపరు ప్రకటన మూల చిన్న అక్షరాల్లో 'షిఫ్టింగుతో' అని వేసేవారు. ఆ ఒక్క మాటలో ఎంత మర్యాద ఉందో చూడండి! మరి మనవాడి బయోడేటాలో 'డేటా అనలిస్టు, 2022-23' అని ఉంది. రెండేళ్లేమో అనుకుంటాం. తవ్వితే అది డిసెంబరు ఇరవై నుంచి జనవరి పదిదాకా ఆన్‌లైనులో చూసిన కోర్సు. రెండు క్యాలెండర్లు తగిలాయి కాబట్టి రెండేళ్లట!

లింక్డిన్‌లో ఇంకో వింత ఉంది. ఎవడికైనా చిన్న సర్టిఫికెట్టు వస్తే 'వినమ్రుడనయ్యాను' అని ఇంగ్లీషులో మొదలుపెడతాడు. ఆడియో ఫంక్షన్లో హీరోగారు "నాదేం లేదండీ, అంతా మీ అభిమానం" అంటూ వెనకాల యాభై అడుగుల తన కటౌటు వైపు ఓరచూపు చూస్తాడే, అచ్చం అదే. ఆ కింద నలభై మంది 'కంగ్రాట్స్ బ్రో'. వాళ్ల సర్టిఫికెట్టుకు వీడు, వీడి సర్టిఫికెట్టుకు వాళ్లు. నీ డబ్బా నేను కొడతా, నా డబ్బా నువ్వు కొట్టు. సంతోషం వస్తే సంతోషమని చెప్పుకోవచ్చు కదా, మధ్యలో వినయాన్ని ఎందుకు బజారుకీడుస్తారు?

ఇదంతా చెప్పి నేను నవ్వుతుంటే కుర్రాడు నవ్వలేదు. ఫోను వెనక్కి తీసుకుని, ఇంకో కాగితం తెరిచి చూపించాడు. అసలు బయోడేటా అది. హైదరాబాదులో ఒక కంపెనీలో రెండేళ్ల అనుభవం, లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర... అన్నీ ఉన్నాయి.

"ఇక్కడ పనిచేశావా?"

"లేదన్నా." గొంతు తగ్గింది. "అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసినా. ఆడ ఒకాయన ఎక్స్‌పీరియన్స్ లెటరు ఇప్పిస్తానన్యాడు. ముప్పై వేలు. నాయన అప్పు తెచ్చిచ్చినాడు. దాంతోనే ఆఫరు వచ్చింది. పద్దెనిమిదో తేదీ చేరల్ల. ఇప్పుడేమో ఫారంలో యూఏఎన్ నంబరు అడుగుతుండారు."

బిరుదులు, వందరోజులు అన్నీ ఎటో పోయాయి. పెళ్లి మేళం వినబడటం కూడా మానేసింది నాకు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. 2014 నుంచి ప్రావిడెంటు ఫండు ఖాతాలన్నిటికీ కలిపి మనిషికి ఒకే నంబరు, అదే యూఏఎన్. ఏ కంపెనీలో ఏ తేదీన చేరాడు, ఏ తేదీన మానాడు, నెలనెలా జీతంలో 12 శాతం జమ పడిందా లేదా, అన్నీ అందులో ఉంటాయి. ఇరవై మందికన్నా తక్కువున్న సంస్థకు ఈ ఫండు తప్పనిసరి కాదు, నిజమే. అప్పుడు జీతం పడిన బ్యాంకు పుస్తకం అడుగుతారు. అదీ లేకపోతే పన్ను కాగితం. అదీ లేకపోతే ఆ కంపెనీ చిరునామాకు మనిషిని పంపుతారు. అక్కడ టిఫిన్ సెంటరు ఉంటుంది! పెద్ద కంపెనీలు ఈ పనికే వేరే ఏజెన్సీలను పెట్టుకున్నాయి. 2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా, బోగస్ కంపెనీల అనుభవ పత్రాలతో చేరినవాళ్లను పంపించేశామని బాహాటంగానే చెప్పింది. చేరేముందు దొరికితే ఆఫరు పోతుంది. చేరాక దొరికితే ఉద్యోగంతోపాటు పరువూ పోతుంది.

కింది మెట్టువాళ్లే దొరుకుతారనుకోకండి. 2012 జనవరిలో యాహూ కంపెనీకి పెద్ద అధికారిగా వచ్చిన స్కాట్ థాంప్సన్ పరిచయంలో అకౌంటింగుతోపాటు కంప్యూటర్ సైన్సు డిగ్రీ కూడా ఉన్నట్టు రాసి ఉంది. తీరా చూస్తే ఉన్నది అకౌంటింగు ఒక్కటే. మే నెలకల్లా కుర్చీ ఖాళీ. అకౌంటింగు డిగ్రీతోనే ఆయన అంత ఎత్తు ఎక్కాడు, ఆ రెండో ముక్క అక్కర్లేకుండానే. అదీ విడ్డూరం!

"మరి ఆ రెండేళ్లూ నిజంగా ఏం చేశావు?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. వంటలవైపు చూశాడు. "సుగ్గికి పోయినామన్నా" అన్నాడు చివరికి.

కోస్తా పాఠకులకు ఈ మాట కొత్త కావచ్చు. దేవనకొండ, ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు చుట్టుపక్కల వానలు ముఖం చాటేసి వేరుశనగ, పత్తి చేతికి రాకపోతే, ఇళ్లకు తాళాలు వేసి, మూటాముల్లె, పిల్లాజెల్లా బండికెక్కించి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్నే సుగ్గి అంటారు. ఆ రోజుల్లో కొన్ని పల్లెల్లో ముసలివాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ కనబడరు. బడుల్లో బెంచీలు ఖాళీ.

"నువ్వూ కోసేవాడివా?"

"కోస్తి. కానీ మేస్త్రీ నన్ను లెక్కకు పెట్టినాడు. నలభై రెండు మంది మా గుంపులో. పొద్దుగూకితే ఎవరెన్ని కిలోలు కోసినారో తూకం రాయల్ల. ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీసెయ్యల్ల, బియ్యం, నూనె ఖర్చు పంచల్ల. మొదటేడు నోటుబుక్కులో రాసినా. రెండో ఏడు ఫోన్లోనే ఎక్సెల్ పెట్టినా. ఆఖర్న ఎవరిది వాళ్లకు చీటీ రాసిస్తి."

"తేడాలు రాలేదా?"

అప్పుడు వాడి మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. "ఒకసారి వచ్చినాదన్నా. కాటాకు రెండు కిలోలు తరుగు పట్టినారు, మాకు చెప్పకుండా. మావోళ్లు కొట్లాటకు పోతామన్యారు. నేను పన్నెండు రోజుల లెక్క తీసి రైతుకు చూపించినా. చదివినాడు, ఒప్పుకున్యాడు. ఆ డబ్బు ఇచ్చినాడు."

చూశారా! నలభై రెండు మందికి రెండు సీజన్లు జీతాల లెక్క. పొరపాటు పట్టుకోవడం, కాగితంతో నిరూపించడం, కొట్లాట తప్పించడం. కంపెనీలు డేటా అనలిస్టు అని బోర్డు పెట్టి వెతికేది ఈ పనినే కదా. అది ఈ కాగితంలో ఎక్కడా లేదు.

"ఇదెందుకు రాయలేదయ్యా?"

"మిరప కోతలు అని రాస్తే ఎవరు పిలుస్తారన్నా?"

నిజమైన కోతలు దాచిపెట్టి, ముప్పై వేలు పోసి వేరే కోతలు కొనుక్కున్నాడు పిచ్చివాడు!

వాడి మాట పూర్తిగా తప్పని నేననలేదు. కూలిపని చూసి కాగితం పక్కన పడేసే బాబులు ఏసీ గదుల్లో ఉన్నారు, లేరంటే నేనే అబద్ధమాడినట్టు. పది కంపెనీలకు పంపితే ఎనిమిది అలాగే చేస్తాయేమో. మిగతా రెండింటికోసం రాయమన్నాను. మీ తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం వంగి వెతుకుతారు కదా. మెరిసే గాజుపెంకులు ఎన్నో తగులుతాయి. వ్యాపారి చేతికిస్తే ఒక్క చూపుతో పక్కన పెట్టేస్తాడు. ఆ చూపున్నవాడు ఎక్కడో ఒకడుంటాడు, వాడి ముందు గాజుపెంకు పెడితే ఎట్లా?

"అయితే గొప్పలే చెప్పుకోగూడదా అన్నా?"

ఎందుకు చెప్పుకోకూడదు? లియొనార్డో డావించీ పేరు విన్నారు కదా, మోనాలిసా బొమ్మ వేసినాయన. 1482 ప్రాంతంలో మిలాన్ ఏలిక స్ఫోర్జాకు కొలువు కోసం ఓ ఉత్తరం రాసుకున్నాడు. తేలిక వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, సొరంగాలు తవ్విస్తాను, కప్పున్న యుద్ధరథాలు చేస్తాను... అంటూ వరసగా నంబర్లు వేసి గప్పాలు కొట్టాడు. బొమ్మలు కూడా వేయగలనన్నది అట్టడుగున. ఏలికకు అప్పుడు కావలసింది యుద్ధం కాబట్టి అది పైన పెట్టాడు, తెలివైనవాడు. కానీ చివర్లో ఒక మాటన్నాడు: వీటిలో ఏదైనా అసాధ్యమనిపిస్తే మీ తోటలోనే చేసి చూపించడానికి సిద్ధం అని. గొప్ప చెప్పుకో, పక్కనే కాటా కూడా పెట్టు. 'కాదు' అన్నవాడి ముందు తూచి చూపించగలిగితే అది డబ్బా ఎందుకవుతుంది?

ఇంకో చిట్కా చెప్పాను. బయోడేటా ముందు తెలుగులో రాయి, ఇంగ్లీషు తర్వాత. 'లెవరేజ్డ్ క్రాస్-ఫంక్షనల్ స్టేక్‌హోల్డర్స్' అని ఇంగ్లీషులో రాస్తే చెయ్యి వణకదు. అదే తెలుగులో రాయబోతే "ఏం చేశానని రాయాలి?" అని పెన్ను ఆగిపోతుంది. ఆగిన చోటల్లా అబద్ధం ఉన్నట్టు లెక్క. రాసింది మీ ఊరి రచ్చకట్ట మీద, నిన్ను చిన్నప్పట్నుంచి ఎరిగినవాళ్ల ముందు గట్టిగా చదువు. ఎవరూ నవ్వకపోతే ఉంచుకో. ఇంకా, నలుగురు కలిసి చేసింది 'మేము' అని రాయి. అందులో నీ పాలెంతో రాయి. ఇరవై నాలుగు శాఖలు పనిచేస్తేగానీ సినిమా తయారు కాదు, అయినా ఒక్క హీరో బొమ్మే పోస్టరంతా పరుచుకుంటుందని మనమే కదా ఏడుస్తాం!

వాడికి ధైర్యం చెబుదామని ఎర్రగుడి కథ కూడా ఎత్తాను. గుత్తి-పత్తికొండ దారిలో ఉంది, దేవనకొండవాళ్లకు పెద్ద దూరమేం కాదు. బండరాళ్ల మీద అశోకుడి శాసనాలు. కొన్ని పంక్తులు ఎద్దు దున్నినట్టు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చెక్కారు. చక్రవర్తికి 'దేవానాంప్రియ' అని బిరుదు, అంటే దేవతలకు ఇష్టుడని. ఇంతకన్నా పెద్ద స్టారు ఎవరున్నారు? అంతటివాడు అదే రాళ్ల మీద, పదమూడో శాసనంలో, కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారనీ, అందుకు తాను బాధపడుతున్నాననీ చెక్కించుకున్నాడు. గెలిచిన యుద్ధం గురించి! రెండువేల మూడొందల ఏళ్ల కిందట, చెరపడానికి వీల్లేకుండా, అంకెలతో సహా.

కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. విని, "ఆయన రాజు గదన్నా. ఉద్యోగం అడగల్యా గదా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. రెండో పంక్తికి పిలిచారు, లేచి వెళ్లాం.

నెల తర్వాత వాడి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆ కంపెనీకి తానే ఫోను చేసి, అనుభవ పత్రం నిజం కాదని చెప్పాడట. అవతలామె ఓ నిమిషం మాట్లాడలేదట. తర్వాత "చెప్పినందుకు థాంక్స్" అందట. మర్నాడే ఆఫరు రద్దయినట్టు మెయిలొచ్చింది. ముప్పై వేలు ఇచ్చినవాడు ఫోనెత్తడం లేదు. వాళ్ల నాయన మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు "ఈయేడు లెక్క నువ్వే రాస్తావా?" అని అడిగాడట. ఈలోగా ఇంకో ఏడు కంపెనీలకు కాగితం పంపాడు. రెండు చోట్ల నుంచి పరీక్షకు పిలుపొచ్చింది.

ఇంగ్లీషులోకి మార్చేముందు చూడమని తెలుగు ప్రతి నాకూ పంపాడు. ఫౌండరు లేడు, విజనరీ లేడు. పైన పేరు, కింద 'బీకాం, 2023, దేవనకొండ' అని ఉంది. ఆ కింద: 'మిరప కోతల గుంపులో 42 మందికి రెండు సీజన్లు తూకం, కూలి లెక్క రాసినా. తరుగులో తేడా పట్టుకొని డబ్బు వెనక్కి ఇప్పించినా. లెక్క షీటు అడిగితే చూపిస్తా.'

'రాసినా' అని కాదు, 'రాశాను' అని దిద్దుకోమని జవాబు పెట్టాను. వాడు దిద్దలేదు.